హీట్‌సింక్ మీద బొట్టు

కంప్యూటర్ మళ్ళీ ఠప్పున ఆగిపోయింది. రామ్మోహన్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"ఇంకో గంటలో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. నా సిమ్యులేషన్ ప్రోగ్రామ్‌ని వాళ్ళ కళ్ళ ముందే రన్ చేసి చూపించాలి. ఇదేమో కాస్త లోడ్ పెట్టగానే చచ్చిపోతోంది. ఈ జాబ్ కూడా పోతే ఇక ఈ దేశంలో పర్మనెంట్ రెసిడెన్సీ సంగతి మర్చిపోవడమే!"

"కిటికీ ఇంకొంచెం తెరవనా?" అంది సుధామయి.

కెనడాలోని విన్నిపెగ్‌లో జనవరి నెల అది. కిటికీ అప్పటికే సగం తెరిచి ఉంది. భార్యాభర్తలిద్దరూ బేస్‌మెంట్‌లో జాకెట్లు వేసుకుని వణుకుతున్నారు. ప్రాసెసర్ ఒక్కటే వంద డిగ్రీల మీద కుతకుతలాడుతోంది.

"ఎంత చలిగాలి తోలితే ఏం లాభం? కింద ప్రాసెసర్ వేడి పైనున్న హీట్‌సింక్‌లోకి ఎక్కాలి కదా. ఎక్కట్లేదు. రెండింటికీ మధ్య కాంటాక్ట్ సరిగ్గా లేదు," అన్నాడు రామ్మోహన్.

షాపువాళ్ళ మీద నమ్మకం లేక, విడి భాగాలు తెప్పించి తానే బిగించుకున్న కంప్యూటర్ అది. కాబట్టి తిట్టుకోవడానికి ఇంకెవరూ లేరు. స్క్రూడ్రైవర్ తీసుకుని హీట్‌సింక్ స్క్రూలు మరికాస్త బిగించాడు. వేడి తగ్గలేదు. ఇక లాభం లేదని హీట్‌సింక్‌ను పూర్తిగా ఊడదీసి, అడుగున అంటుకున్న బూడిదరంగు పేస్ట్‌ను టిష్యూతో తుడిచాడు. టిష్యూ ఎర్రబడింది.

"సుధా! ఏంటిది?"

ఆమె వంగి చూసింది. "కుంకుమండీ."

"కుంకుమ ఇక్కడికెలా వచ్చింది?"

"శుక్రవారం పూట వచ్చింది కదా పార్సిల్. కొత్త వస్తువని బొట్టు పెట్టా. కారుకి పెట్టాం, వాషింగ్ మెషీన్‌కి పెట్టాం. దీనికి ఎటు పెట్టాలో తెలీలేదు. నున్నగా ఉన్న వైపు పెట్టా."

తిట్టుకోవడానికి మనిషి దొరికింది. రామ్మోహన్ గొంతు లేచింది.

"సరిగ్గా ఆ వైపే పెట్టావా? వెంట్రుకంత సందున్నా వేడి పైకి ఎక్కదు. ఆ సందు ఉండకూడదనే మధ్యలో పేస్ట్ రాస్తారు. నువ్వు అక్కడ కుంకుమ పూశావు!"

"బిగించేటప్పుడు మీరు చూడలేదా?"

"ప్రాసెసర్ మీద పేస్ట్ వేసి దీన్ని పైనుంచి దించాను. అడుగున బొట్టుంటుందని కలగన్నానా? ఇవాళ ఉద్యోగం వస్తే నా తెలివి వల్ల. రాకపోతే నీ బొట్టు వల్ల. గుర్తుపెట్టుకో."

ఆ మాట గట్టిగానే తగిలింది. సుధామయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వండి. పెట్టింది నేనే కాబట్టి నేనే తుడుస్తా."

"ఒక్క రేణువు కూడా మిగలకూడదు."

ఆమె స్పిరిట్ సీసా, దూది తీసుకుని హీట్‌సింక్‌తో వంటింట్లోకి వెళ్ళింది. రామ్మోహన్ ఇవతల ప్రాసెసర్ తుడుచుకుంటూ గడియారం చూశాడు.

"అయిందా?"

"వస్తున్నా, వస్తున్నా."

ఆమె తెచ్చిచ్చిన హీట్‌సింక్ అడుగు, తోమిన రాగిచెంబులా తళతళలాడుతోంది.

"చింతపండు పెట్టలేదు కదా?" అన్నాడు అనుమానంగా.

"లేదండీ, స్పిరిట్టే."

"చూశావా! కుంకుమ పోయేసరికి ఎలా మెరుస్తోందో."

సుధామయి ఏదో అనబోయి, గడియారం చూసి మాట మార్చింది. "తప్పు నాదేనండీ. ముందు మీరు ఇంటర్వ్యూ సంగతి చూడండి," అంది.

ప్రాసెసర్ నడిమధ్యన బఠాణీ గింజంత పేస్ట్ వేశాడు. హీట్‌సింక్‌ను నిటారుగా దించి, ఈ మూల ఒకటి, ఎదురు మూల ఇంకొకటి చొప్పున స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించాడు. కంప్యూటర్ ఆన్ చేసి సిమ్యులేషన్ మొదలుపెట్టాడు. వేడి అరవై దగ్గర ఆగింది, అక్కడి నుంచి కదల్లేదు. రామ్మోహన్ కిటికీ మూసి, జాకెట్ విప్పి, టై కట్టుకున్నాడు.

ఇంటర్వ్యూ అయ్యేదాకా సుధామయి కుక్కర్ కూడా పెట్టకుండా వంటింట్లో కూర్చుంది. చివరికి గది తలుపు తెరుచుకుంది.

"వచ్చింది సుధా! సోమవారం ఆఫర్ లెటర్ పంపిస్తారట. ఇందాకటిదాకా సిస్టమ్ ఆగిపోయేదని చెబితే, ఎలా ఫిక్స్ చేశావని అడిగారు. మొత్తం చెప్పాను. అసలు లోపం ఎక్కడుందో పట్టుకోగలిగినవాళ్ళే మాకు కావాలన్నాడు మేనేజర్!"

"బొట్టు సంగతి కూడా చెప్పారా?"

"ఛ, పరువు పోదూ? ఇంట్లో ఎవరో తెలీక ముట్టుకున్నారన్నా."

అప్పుడే స్నేహితుడు అనంత్‌కు ఫోన్ కలిపాడు. "ఒరేయ్ అనంత్, జాబ్ కొట్టేశా! ఉండు, ముందు మా ఆవిడ బొట్టు కథ విను..." అంటూ పగలబడి నవ్వాడు.

సుధామయి కూడా నవ్వింది. టీ పెట్టి, వడకట్టిన టీపొడిని చెత్తబుట్టలో పైపైనే పడివున్న పల్చటి ప్లాస్టిక్ పొర మీద గుమ్మరించింది. ఇందాక హీట్‌సింక్ అడుగు నుంచి ఆమె గోటితో ఒలిచిన పొర అది. దాని మీద కుంకుమ మరక, ఆ పక్కనే కంపెనీవాళ్ళు అచ్చేసిన చిన్న ఇంగ్లిష్ అక్షరాలు ఉన్నాయి: "బిగించే ముందు ఈ పొరను తప్పనిసరిగా తీసేయండి."