చక్రం లేని వాల్వు

వాల్వు తిప్పే ఆ చక్రాన్ని పీకించింది మీరే, పెద్దసార్లూ! కంప్యూటరు వచ్చాక చేత్తో తిప్పే చక్రాలెందుకని పాత ఇనుముకు వేసిందీ మీరే, ఆఫీసు ఫోన్ను కూడా ఆ కంప్యూటరుకే తగిలించిందీ మీరే.

ఆ రాత్రి నీళ్ల పంపుహౌసులో ఆపరేటరు ఒక్కడే ఉన్నాడు. తెర మీద బాణం గుర్తు కదిలింది. మౌసు మీద అతని చెయ్యి లేదు. బాణం తాపీగా నీళ్లలో కలిపే క్లోరిన్ మోతాదు అంకె దగ్గరికి వెళ్లి దాన్ని పెంచుతూ పోయింది. పక్కగదిలో క్లోరిన్ కలిపే పంపు చప్పుడు జోరందుకుంది.

అతను అధికారికి ఫోన్ చేశాడు.

"సార్, ఎవడో బయటినుంచి కంప్యూటర్లో దూరాడు. నీళ్లు ఆపేయనా?"

"ఆర్డరు లేకుండా ఆపుతావా? ఎవరికీ చెప్పకు, జనం గోల చేస్తారు."

"తాగేస్తారు కద సార్!"

"పొద్దున మీటింగుంది. అందాకా నోరు మూసుకో."

అయినా అతను పంపు ఆపే ఎర్ర బటను నొక్కాడు. పంపు ఆగలేదు. ఊరికి నీళ్లు వెళ్లే వాల్వు దగ్గరికి పరుగెత్తాడు. చక్రం ఉండాల్సిన చోట నున్నటి ఇనప కడ్డీ చేతిలో జారింది. మళ్లీ తెర ఉన్న గదికి పరుగెత్తాడు.

ఆఫీసు ఫోన్ మోగింది. భార్య.

"ఏమయ్యా, కుళాయి నీళ్లు అదోలా ఉన్నాయి. పాప లేచింది, పాలపొడి కలిపేయనా?"

"వద్దే! వద్దు!"

లైను అప్పటికే తెగిపోయింది. తెర మీద బాణం ఫోన్ బొమ్మపై ఆగి ఉంది.

మీటింగులు తర్వాత పెట్టుకోండి. ఆ చక్రం తెచ్చి బిగించండి. సైరను మోగించి తాగొద్దని ఊరందరికీ చెప్పండి. ఇప్పుడే, పాప నోటికి సీసా అందేలోపు.