బల్లి ఇంటికి బండపరుపు

“బల్లికి బండ కావాల్నా?”

పాలిష్ మిషను ఆపి మరీ అడిగాడు దాసన్న.

“చెవుడా నాయనా? బల్లికే,” అంది సిద్దమ్మ. “నున్నంది వద్దు. కాలు జారుతాది.”

బేతంచెర్లలో నాగసుబ్బయ్య శెట్టి బండల యార్డు అది. నల్లవి, పచ్చవి, నీలం చాయవి, గోడలకు వీపు ఆనించి వరుసగా నిలబడి ఉన్నాయి బండలు. సిద్దమ్మ వెనకాల ఆమె కొడుకు పుల్లయ్య, చేపలు చచ్చి ఖాళీ అయిన గాజుతొట్టిని పొట్టకు హత్తుకొని, తల వంచుకొని నిలబడ్డాడు. తొట్టి అడుగున ఒక బల్లి. బెత్తెడు పొడవు. ఒళ్లంతా మచ్చలు.

“ఇసుక పోసి చూసినా. పురుగుతో పాటు ఇసుకా మింగుతాది. కడుపు గట్టిపడి చస్తాదేమోనని భయం,” అంది సిద్దమ్మ.

“గృహప్రవేశం ఎప్పుడవ్వా?”

“పాలు పొంగించేటప్పుడు పిలుస్తాలే. చదివింపులకు బొద్దింకలు పట్టుకొని రా.”

యార్డంతా నవ్వింది. ఆఫీసు గది తలుపు తెరుచుకోగానే ఆ నవ్వు ఆగింది.

నాగసుబ్బయ్య శెట్టి గడప దాటలేదు. ఆ బల్లిని అతడు ఎరుగును. అతని నెత్తి ఎరుగును.

సిద్దమ్మ వాళ్ల వేరుశనగ చేను కింద మేలైన రాయి ఉంది. శెట్టి గనికి ఆ చేను కావాలి. చేను పుల్లయ్య పేరున ఉంది. చేను అమ్మి పోవాలని పుల్లయ్య మనసు కర్నూలులో ఉంది. సిద్దమ్మ అరిచింది, అలిగింది, అన్నం మానింది. ఆమెకు నోరుంది, సంతకం లేదు.

అగ్రిమెంటు రోజు రానే వచ్చింది. అక్షరాలు కనబడాలని, సిద్దమ్మ ఇంటి మిద్దె కప్పులో వెలుతురు కోసం విడిచిన గవాక్షి కింద శెట్టికి కుర్చీ వేశారు. పుల్లయ్య పెన్ను మూత తీశాడు. అప్పుడే శెట్టి నడినెత్తిన బల్లి పడింది.

దూలం మీది నుంచి పడిందన్నారు. నడినెత్తిన పడితే ప్రాణగండమని, పంచాంగం తెరవకముందే తీర్పు చెప్పారు. అంత మచ్చల బల్లి ఇళ్లలో ఉండదు, దేవతే పంపిందన్నారు. శెట్టి చెప్పులు మరిచి జీపెక్కాడు. మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తున్న సిద్దమ్మ, కేకలు విని, నిదానంగా మెట్లు దిగివచ్చి, బల్లి మీద చాట బోర్లించింది.

“నా చేను కాపాడిన తల్లి,” అంది.

ఆనాటి నుంచి దానికి పురుగులు పెట్టి సాకుతోంది. ముసలిదానికి బల్లిభక్తి పట్టిందని ఊరు నవ్వుతోంది.

“దాన్ని ఈడికెందుకు తెచ్చినావు సిద్దమ్మా?” గడప లోపలి నుంచే అడిగాడు శెట్టి.

“కాపురం చేసేది అది. చూసుకోవద్దా?”

సిద్దమ్మ బల్లిని నల్లబండ మీద విడిచింది. బల్లి నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు జారాయి. పచ్చబండ మీద నిలవలేక పొట్ట ఆనించింది. పనివాళ్లు ఎగిరి వెనక్కి దూకారు. సిద్దమ్మ వెనక్కి తగ్గలేదు. యార్డు చివర, పాలిష్‌కు పనికిరాదని పక్కన పడేసిన గరుకుబండ మీద విడిచింది. బల్లి నిలబడింది. తల ఎత్తింది.

సిద్దమ్మ బండ మీద అరచేయి ఆనించింది. “ఎండ బాగా తాగింది. పొద్దుగూకినంక కూడా వెచ్చగుంటాది. ఇది కోసియ్యి.”

దాసన్న తొట్టి కొలత తీసుకున్నాడు. “మూత లేదేమవ్వా? ఎక్కి పారిపోదా?”

“ఇల్లు నచ్చినాక ఎవురు పారిపోతారప్పా?”

బండ కోస్తూ ఉండగా శెట్టి గొంతు సవరించుకున్నాడు. “పుల్లయ్యా, కంచికి పోయి బంగారు బల్లిని తాకి వచ్చినా. దోషం తీరిపాయె. బేస్తవారం వస్తా. కాగితాలు సిద్ధం చేసుకో.”

పుల్లయ్య వంచిన తల పైకి లేచింది.

సిద్దమ్మ కూడా తల తిప్పింది. “రాప్పా శెట్టీ. కుర్చీ మళ్లా ఆడనే ఏపిస్తా. నువ్వు తాకింది బంగారు బల్లిని. నిన్ను తాకింది మచ్చల బల్లి. ఆ రెండిటికీ చుట్టరికం ఉండాదో లేదో ముందు కనుక్కొని రా.”

బల్లిని అరచేతిలోకి తీసుకొని, గడప దాకా నడిచి, అతని ముఖానికి ఎదురుగా చాచింది. బల్లి శెట్టిని చూసింది. నాలుక చాపి తన కన్ను తానే తుడుచుకుంది.

శెట్టి చేయి తనంతట తానే నెత్తి మీదికి పోయింది.

“ఆ చేను నాకొద్దు పుల్లయ్యా. నేనొప్పుకున్నా నా ఇంటామె ఒప్పుకోదు. ఇంకొకటి చూసుకుంటా.”

“అమా! పరువు తీస్తాండావే!” అన్నాడు పుల్లయ్య.

“పోతే పోనీ. చేనుండాది గదా.” కోసిన బండను కొంగులో చుట్టుకుంది సిద్దమ్మ. “శెట్టీ! నీ రాయి నా ఇంటికి వస్తాండాది. నా రాయి మాత్రం నీ మిషను కిందికి రాదు.”

ఇల్లు చేరగానే గరుకుబండను తొట్టిలో పరిచింది. అంచుకు అంచు సరిపోయింది. బల్లి దాని మీద అటు నడిచింది, ఇటు నడిచింది. ఎక్కడా జారలేదు. చివరికి గాజుగోడ మీద ముందుకాళ్లు ఆనించింది. జారింది. మళ్లీ ఆనించింది. మళ్లీ జారింది.

పుట్టి ఏనాడూ ఏ గోడా ఎక్కని, ఎక్కలేని ఆ చేనిబల్లిని, ఆ రోజు మిరపకాయల మధ్య వంగి, గవాక్షిలోంచి శెట్టి నడినెత్తికి గురిచూసి వదిలిన ఆ వేళ్లతోనే, సిద్దమ్మ దాని వీపు నిమిరింది.