తొట్టిలో రెండో సగం

కొత్త గాజుతొట్టికి మధ్యలో అడ్డుపలక దించుతూ కూతురు అంది: “ఈ రెండు కప్పల్నీ ఒకచోట ఉంచకూడదమ్మా. ఒకదాన్నొకటి మింగేస్తాయి. అన్నయ్య అందుకే విడివిడి గిన్నెల్లో పెంచేవాడు.”

తల్లి తడిపిన కొబ్బరిపొట్టు రెండువైపులా పరుస్తోంది. కొడుకు చనిపోయిన నెల రోజులకి, ఇవాళే అతని గది తెరిచింది. ఆ రోజు పగలగొట్టిన తలుపుకి గడియ ఇంకా వేలాడుతూనే ఉంది.

కూతురు ఇంకా నీళ్లు మిగిలిన గిన్నెలోంచి, కళ్లమీద కొమ్ముల్లాంటి మొనలున్న కప్పను తీసి ఒక సగంలో దింపింది. అది పొట్టులోకి కూరుకుపోయి కళ్లు మూసుకుంది.

“రెండోది ఇటివ్వమ్మా.”

“ఇంకెక్కడిదే? గిన్నెలో నీళ్లు ఇంకిపోయి, పాత చెప్పులా ఎండిపోయింది. పొద్దున్నే చెత్తబండిలో పడేశాను.”

కూతురి చెయ్యి ఆగిపోయింది. “ఒంటిమీద కాగితంలాంటి పొర ఉందా?”

“ఉంది. ఏమైంది?”

“చచ్చిపోలేదేమోనమ్మా! నీళ్లు లేకపోతే అలా పొర కప్పుకుని పడుకుంటుందట. నీళ్లలో పెడితే లేస్తుందట. అన్నయ్యే చెప్పాడు.”

తల్లి చాలాసేపు ఆ గడియకేసి చూసింది.

“ఆ రోజు నువ్వు తలుపు కొట్టబోతే నేనే ఆపాను కదే. పడుకున్నాడులే, లేపకు అన్నాను.”

కూతురు ఖాళీగా మిగిలిన సగంలో పొట్టు సర్దుతూ ఉండిపోయింది.

తల్లి తొట్టిమీదికి వంగింది. “ఇది కదలట్లేదేంటి?”

“పడుకుందమ్మా.”

“పడుకున్నా సరే. లేపు.”