తాళం పడిన జన్యువు

“సొంతవాళ్ల పరీక్ష నువ్వు చెయ్యకమ్మా. చేతులు వణుకుతాయి,” అన్నాడు ల్యాబు పెద్ద.

“మా అన్నయ్య సీసా ఇంకొకళ్ల చేతికివ్వను సార్,” అంది టెక్నీషియన్. పదకొండేళ్లుగా ఆమె పనికి వంక పెట్టినవాళ్లు లేరు. ఆయనే తగ్గాడు.

అన్నయ్య కిడ్నీలో గడ్డ తీసి నెలయింది. అది తిరగబెడుతుందా లేదా అన్న బెంగతో ఇంటిల్లిపాదికీ కంటిమీద కునుకు లేదు. క్యాన్సర్‌కు కళ్లెం వేసే జన్యువు ఒకటుంటుంది. దానికి మిథైలేషన్ అనే రసాయనపు తాళం పడిందంటే, రోగం లోపల చాపకింద నీరులా పాకుతున్నట్టే. పడకపోతే గండం గడిచినట్టు. మూత్రం పరీక్షిస్తే ఆ సంగతి తెలిసిపోతుంది. రోగి సీసా పక్కన ఆరోగ్యంగా ఉన్నవాళ్ల సీసా ఒకటి పెట్టి పోల్చి చూస్తారు. తెరమీద గీత పైకి లేస్తే తాళం పడినట్టు.

ఫోన్ మోగింది.

“ఏమే, నా జాతకం ఎంతవరకొచ్చింది?” అన్నయ్యకి అన్నీ వేళాకోళమే.

“ఇంకా తేలలేదు. పెట్టెయ్ ఫోన్,” అని కసిరింది.

రెండు గంటలకు ఒక గీత లేచింది. అన్నయ్యది కాదు. పక్కన పెట్టిన సీసాది.

ల్యాబు పెద్ద తల పట్టుకున్నాడు. “అనుకున్నంత పనీ చేశావ్! సీసాలు తారుమారయ్యాయి. లేచింది మీ అన్నయ్య గీతే.”

ఆమె సీసాలు రెండూ ఆయన ముందుకు జరిపింది. “లేదు సార్. నా చేత్తో చీటీలు రాసి అంటించాను. ఒట్టు.”

“మళ్లీ చేద్దాం. ఈసారి నేనే చేస్తా.”

మర్నాడు పొద్దున్నే రెండు సీసాలూ కొత్తగా వచ్చాయి. ఆయనే చీటీలు అంటించాడు. ఆయనే యంత్రంలో పెట్టాడు. ఆమె ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చుంది.

గీత లేచింది. మళ్లీ పక్క సీసాదే. అన్నయ్య గీత కదల్లేదు.

“చూశారా సార్! తారుమారు కాలేదు! మా అన్నయ్య బతికిపోయాడు!” ఏడుస్తూనే పకపకా నవ్వింది. ఫోన్ కోసం బల్లంతా తడుముకుంది.

ఆయన నవ్వలేదు. లేచిన గీతకేసే చూస్తూ, ఇన్నేళ్లలో ఎన్నడూ అడగని మాట అడిగాడు.

“ఈ రెండో సీసా ఎవరిదమ్మా?”

“ఎప్పటిలాగే నాదే సార్,” అంది, అన్నయ్య నంబరు నొక్కుతూ.