బుడుబుంగ పిల్లలకు దొరికిన తాత

తామరకొలనులో ఒక బుడుబుంగ పిట్టకు మూడు పసిపిల్లలు. చేపల కోసం తాను నీళ్ళలో మునిగితే వాటినెవరు చూస్తారన్నదే దాని దిగులు.

బాతునడిగితే, "నా గూట్లో మెత్తటి పడకలున్నాయి. నువ్వు పట్టే మూడు చేపల్లో రెండు నాకియ్యి" అంది.

"మరి పిల్లలకేం పెట్టను వదినా?" అంటూ బుడుబుంగ వెనుదిరిగింది.

పాలలాంటి మంచులోంచి ముసలి తాబేలు తల ఎత్తింది. "నాకు కాస్త నాచు చాలమ్మా. జోలపాటలు రావు గానీ, పిల్లల్నొదిలి ఎటూ పోను."

తల్లి నమ్మీ నమ్మక పిల్లల్ని తాబేలు వీపుమీద ఎక్కించి, రెల్లుచాటు నుంచి చూసింది. మంచు విడి ఎండెక్కింది. నీళ్ళమీద గద్దనీడ పడగానే తాబేలు మెల్లగా తామరాకుల కిందికి జరిగింది. పిల్లలకు నిద్రయినా చెదరలేదు.

"వస్తా తాతా!" అని బుడుబుంగ మునిగింది. ఎన్నాళ్ళకో కొలను అడుగుదాకా వెళ్ళింది. అక్కడ ఎండ పచ్చగా ఊగుతోంది.