వంకాయరంగు

"ముప్పై నాలుగు," అంది టైలరు భార్య, తెర పక్కకి జరిపి బయటికొచ్చి.

టైలరు ఆ అంకెను పుస్తకంలో రాసుకున్నాడు గాని, చూపు మాత్రం ఆవిడ మూతి మీదే ఉండిపోయింది. ఆవిడకి యాభై దాటాయి. పెళ్లినాడు కూడా పౌడరు తప్ప ఇంకోటి ఎరగని మనిషి. అలాంటిది ఇవాళ పెదాలకి ముదురు వంకాయరంగు లిప్‌స్టిక్ వేసుకుని కొట్టుకి వచ్చింది. అదీ అంటీ అంటనట్టు కాదు, వీధి చివర నిలబడి చూసినా కనపడేంత దట్టంగా.

తెర వెనక, హోటల్లో పనిచేసే అమ్మాయిలు ఒకరి తర్వాత ఒకరు కొలతలిస్తున్నారు. ఇరవై మందికి యూనిఫారాలు కుట్టాలి. వాళ్లని వెంటబెట్టుకొచ్చిన మేనేజరు టైలరు బల్ల పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నలభై దాటని మనిషి, నున్నగా గీసిన గడ్డం, నలగని చొక్కా.

పాతికేళ్లుగా ఆ కొట్లో ఒకటే పద్ధతి. ఆడవాళ్ల కొలతలు ఆవిడ తెర వెనక తీసి అక్కణ్ణించే కేకేస్తుంది, ఇవతల ఆయన రాసుకుంటాడు. ఇవాళేమో భుజం కొలిచినా బయటికొస్తోంది, నడుం కొలిచినా బయటికొస్తోంది. వచ్చి, లైటు కింద నిలబడి, తలెత్తి మరీ చెబుతోంది. ఆ లైటు కూడా పొద్దున్నే ఆవిడే పనివాణ్ణి పిలిచి తెర దగ్గరకి మార్పించింది. ఎప్పుడూ మోగే రేడియోని కట్టేసింది.

"ఆ రంగు మీకు బాగా నప్పిందండీ," అన్నాడు మేనేజరు.

ఆవిడ నవ్వింది. టైలరు చేతిలో పెన్సిలు ముల్లు విరిగింది.

ఇదంతా ఎక్కడ మొదలైందో ఆయనకి తెలుసు, కనీసం తెలుసనుకున్నాడు. కిందటి నెల మూడు గౌన్లు కొలత తప్పి తిరిగొచ్చాయి. నోట్లో గుండుసూదులు పెట్టుకుని గొణిగితే పని ఇలాగే ఏడుస్తుందని నలుగురి ముందూ భార్యని కడిగేశాడు. ఆవిడ తప్పు తనదేనని ఒప్పేసుకుని, మూడు గౌన్లూ విప్పి మళ్లీ కుట్టింది. వారం తిరిగేసరికల్లా ఈ వేషం. కోపమొస్తే తిట్టాలి, లేదా అలగాలి. ఇలా రంగు పూసుకుని పరాయి మగాడి ముందు తిరగడమేమిటి? ముప్పై ఏళ్ల కాపురం చేజారిపోతోందేమోనని ఆయనకి నిజంగానే భయం వేసింది.

భోజనాల వేళ బావమరిది దగ్గర ఆ గోడు వెళ్లబోసుకున్నాడు. బావమరిది పక్క కొట్లోనే తాళాలు బాగుచేస్తాడు. మూతిని కప్పేసే మీసం. ఆ మీసంలో పడి మాట సగం అక్కడే చిక్కుకుపోతుందని టైలరు ఎప్పుడూ విసుక్కుంటాడు. అక్క అలాంటిది కాదని పాపం అతను రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. రెండుసార్లు చెప్పినా టైలరు నమ్మలేదు.

సాయంత్రం కొట్టు మూసేముందు ఉండబట్టలేక భార్యనే అడిగేశాడు.

"ఎవరికోసం ఈ సోకంతా?"

ఆవిడ చేతిలో పని పక్కన పెట్టింది. ఎదురుగా వచ్చి నిలబడి, ఆయన మొహంలోకి చూస్తూ, ఒక్కో అక్షరం విడివిడిగా పలికింది.

"మీకోసమే."

అంత నిదానంగా చెప్పే మాట నిజమెలా అవుతుంది? వెటకారం కాకపోతే! ఆయన ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు.

యూనిఫారాలు మాత్రం ఇరవైకి ఇరవై అతికినట్టు సరిపోయాయి. ఒక్కటీ తిరిగి రాలేదు. తను గట్టిగా నాలుగు చివాట్లు పెట్టబట్టే భార్య మాట స్పష్టంగా వస్తోందని టైలరు బావమరిది ముందు మీసం మెలేశాడు. నిజానికి ఈమధ్య ఆవిడ చెప్పేది ఒక్కటీ పొల్లుపోవడం లేదు. ఆర్డరు అయిపోయింది, మేనేజరు రావడం మానేశాడు, లిప్‌స్టిక్ మాత్రం మానలేదు. సొరుగులో ఉన్న ఆ గొట్టం చూస్తే అప్పుడే సగానికొచ్చింది. దాన్ని ఎవరు కొనిచ్చారో తేల్చుకుంటేగాని ఆయనకి సూదిలో దారం ఎక్కేలా లేదు.

మూత మీద ఫ్యాన్సీ షాపు చీటీ అతికించి ఉంది. మర్నాడు గొట్టాన్ని జేబులో వేసుకుని ఆ షాపుకి వెళ్లాడు.

కౌంటరులో ఉన్న అమ్మాయి పెదాలకీ అదే వంకాయరంగు. మాట ఎంత శుభ్రంగా ఉందో! ఈ కాలం పిల్లల్లా నమిలి మింగడం లేదు. ఆయనకి ముచ్చటేసింది. గొట్టం చూపించి, ఇది కొన్నావిడ గుర్తుందా అని అడిగాడు.

"గుర్తులేకేమండీ? పూటంతా నన్ను నిలబెట్టేశారుగా."

"పక్కన ఎవరైనా ఉన్నారా?"

"లేరండీ. ఒక్కరే వచ్చారు."

టైలరు గుండె మీంచి బండరాయి దిగింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఇంటికెళ్లి ఆవిణ్ణి క్షమాపణ అడగాలనుకున్నాడు. అయినా ఒక్క సందేహం మిగిలిపోయింది. ఈ వయసులో అద్దం ముందు పూటంతా ఏం చూసుకున్నట్టు? ఆ మాటే పైకి అనేశాడు.

"అద్దం చూసుకుంటేగా! పన్నెండు రంగులూ నా పెదాలకే వేయించారు. ఒక్కోటి వేసుకుని అదిగో, ఆ గోడ దగ్గర నిలబడి నోటికొచ్చిన అంకెలు చెప్పమనేవారు. నేను చెప్పినవి తిరిగి అప్పజెప్పేవారు. ఈ రంగు దగ్గర ఒక్కటీ తప్పు పోలేదు, ఇదే ఇవ్వమన్నారు."

"అంకెలు అప్పజెప్పడంలో గొప్పేముంది?" అన్నాడు టైలరు నవ్వుతూ.

"అదేమిటండీ, నేను చెప్పినంతసేపూ ఆవిడ రెండు చెవుల్లోనూ దూది కుక్కుకున్నారు."