అరవై రెండో కథ

లాప్‌టాప్ మూత మళ్ళీ తెరిచి ఉంది. ఇంజినీరుకి ఒళ్ళు మండింది.

తొమ్మిదేళ్ళనాటి డొక్కు లాప్‌టాప్ అది. పాత సామాన్లవాడు కూడా పెదవి విరిచాడు. అలాంటిదాన్ని రెండు ఆదివారాలు కుస్తీపట్టి ఇంటి సర్వర్‌గా మార్చి, అమ్మ గదిలో అలమరా మీద పెట్టాడు. అమ్మ తన ఫోన్‌లో కథ చెప్పి రికార్డు చేస్తే చాలు, దానంతటదే వెళ్ళి అందులో చేరుతుంది.

అమ్మకి ఇక కొన్ని నెలలేనని డాక్టరు చెప్పేశాడు. మూడేళ్ళ కూతురికి నాన్నమ్మ కథలైనా మిగలాలని అతని ఆరాటం.

"ఎవరు తెరిచారిది? దుమ్ము పడదూ?"

"నేనే బాబూ," అంది పనావిడ, ఊడవడం ఆపి. "మూత వేస్తే అది నిద్రపోతోంది. అమ్మగారి కథ లోపలికి పోవట్లేదు."

ఇంజినీరుకే పాఠాలు!

"నీ పని చీపురుతో, కంప్యూటరుతో కాదు. అసలు గంటలకొద్దీ ఈ గదిలో ఏం చేస్తుంటావు? ఎప్పుడు చూసినా మంచం పక్కన చతికిలబడి ఉంటావు!"

ఆమె మళ్ళీ ఊడవసాగింది.

"ఉండనీరా," అంది అమ్మ. "తనుంటే నాకు బాగుంటుంది."

"నీకు తెలీదమ్మా, నువ్వూరుకో."

మర్నాటినుంచి పనావిడ రాలేదు. అతనే రావద్దన్నాడు. లాప్‌టాప్ మూత మూసి, పైన ఒక గుడ్డ కూడా కప్పాడు.

"కథలు చెబుతున్నావా అమ్మా?" అని ఆఫీసుకి వెళ్తూ అడిగేవాడు.

"చూద్దాంలేరా," అనేది అమ్మ.

వినడానికి తీరిక ఏది? ఎక్కడికి పోతాయి, లాప్‌టాప్‌లో ఉంటాయిగా అనుకున్నాడు.

మూడు నెలలకి అమ్మ పోయింది.

ఒక సాయంత్రం కూతురు ఒళ్ళోకొచ్చి కూర్చుంది. "నాన్నమ్మ కథ పెట్టు నాన్నా."

తెరిచి చూశాడు. అరవై ఒక్క కథలున్నాయి. చివరిది, పనావిడని రావద్దన్న రోజుది. ఆ తర్వాత ఒక్కటీ లేదు.

సెట్టింగులన్నీ వెతికాడు. మూత వేసినా నిద్రపోవద్దని దానికి చెప్పడం తనే మరిచిపోయాడు. పనావిడ చెప్పింది అక్షరాలా నిజం. సిగ్గేసింది.

పోనీలే, మిగతావి ఫోన్‌లోనే ఉండిపోయుంటాయి. గబగబా అమ్మ ఫోన్‌ని చార్జింగ్‌కి పెట్టాడు.

మూడు నెలలకీ కలిపి అందులో ఉన్నది ఒక్కటే. పదకొండు సెకన్లు.

"అనగనగా ఒక ఊళ్ళో..." అంది అమ్మ. కాసేపు నిశ్శబ్దం. "ఏమిటో!" అని నిట్టూర్చింది. అంతటితో ఆగిపోయింది.

ఎందుకు ఆపేసిందో అతనికి అర్థం కాలేదు. పాప గునుస్తుంటే, అరవై ఒకటోది పెట్టాడు.

అమ్మ గొంతు ఎంత హుషారుగా ఉందో!

"అనగనగా ఒక ఊళ్ళో ఒక కుంటి మేకపిల్ల ఉండేదిట."

వెంటనే, ఆ రికార్డులోనే, మంచం పక్కన నేలమీంచి, పనావిడ ఆత్రంగా ఊ కొట్టింది: "ఊఁ... అప్పుడేమైందమ్మగారూ?"